సేవ చేసేవాళ్లు అడగకూడదా?

ప్రశ్న:

సార్, నమస్కారం. మాది ఆదోని డివిజన్‌లో ఒక పల్లె. ఊరివాళ్లమే కొందరం కలిసి చిన్న సొసైటీ రిజిస్టర్ చేసుకున్నాం. నేను కార్యదర్శిని. వానలు సరిగా పడకపోతే మా పక్క జనం సుగ్గికి, అంటే కూలి పనులకు వలస పోతారని మీకు తెలిసిందే. దసరా దాటితే సగం ఊరికి తాళాలే. ముసలివాళ్ల దగ్గర వదిలిపోయిన పిల్లలకు మేం సాయంత్రం చదువు చెప్పి, రాత్రి అన్నం పెడుతున్నాం. వదిలిపోయే దిక్కు లేనివాళ్లు పిల్లల్ని వెంట తీసుకుపోతారు. ఉగాదికి తిరిగొచ్చేసరికి ఆ పిల్లలు చదివింది మర్చిపోయి ఉంటారు. వలసపోయేవాళ్ల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేందుకు సీజనల్ హాస్టల్ తెరుస్తారు గానీ, జనం పోయాక తెరుస్తారు. ఈసారి దాన్ని ముందే తెరవాలని, ఊళ్లోనే పని చూపించాలని సంతకాలు సేకరిద్దామని, అవసరమైతే మండలాఫీసు ముందు కూర్చుందామని మా కుర్రవాళ్లు అంటున్నారు. మాకు ఎక్కువ విరాళం ఇచ్చే జిన్నింగ్ మిల్లు పెద్దన్న మాత్రం, "అన్నం పెట్టండి, ఎన్నేళ్లయినా ఇస్తా. ధర్నాలు చేస్తే రూపాయి కూడా ఇవ్వను. అది రాజకీయం" అన్నాడు. మా కోశాధికారి, రిటైరైన అయివారు, రిజిస్ట్రేషన్ పోతుందేమోనని టెన్షన్ పడుతున్నారు. ఇంకొక సంగతి. పోరాడదామని అందరికంటే గట్టిగా అనే సభ్యుడు వచ్చే పంచాయతీ ఎన్నికల్లో నిలబడాలనుకుంటున్నాడు. సేవా సంస్థ ఇలాంటి వాటిలోకి దిగవచ్చా?

— ఒక సోదరి, కర్నూలు జిల్లా

సమాధానం:

అమ్మా,

దిగవచ్చు. మీరు రాసిన పరిస్థితిలో దిగాలనే నేనంటాను. ఆ పిల్లల ఆకలిని రోజూ దగ్గర నుంచి చూస్తున్నది మీరు. అది ఏ నెలలో మొదలవుతుందో, ఎందుకు మొదలవుతుందో, ఏ గది తాళం తీస్తే తగ్గుతుందో మీకు తెలుసు. తెలిసినవాళ్లు చెప్పకపోతే తెలియనివాళ్లు నిర్ణయాలు చేస్తారు. అయితే మీ పెద్దన్న, అయివారు, ఎన్నికల్లో నిలబడాలనుకునే తమ్ముడు, ముగ్గురూ మూడు వేర్వేరు చిక్కులు మీ ముందు పెట్టారు. మూడింటికీ ఒకే జవాబు చెల్లదు.

మొదట పెద్దన్న మాట. ఆయన ఉద్దేశాన్ని నేను శంకించను. ఏటా పిల్లల అన్నానికి డబ్బిచ్చే మనిషి మంచివాడే. మన సీమలో ఆ దారికి గొప్ప పేరుంది. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు ఖాళీ చేసి వేలమందికి అన్నం పెట్టాడు. నేటికీ ఆయన్ని దానకర్ణుడని తలుచుకుంటారు. కానీ తర్వాత జరిగింది కూడా చూడాలి. పదేళ్లకే, 1876లో, ధాత కరువు వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షలమంది చనిపోయారు. కర్నూలు, కడప, అప్పటికి అనంతపురం కూడా కలిసి ఉన్న బళ్లారి జిల్లా బాగా దెబ్బతిన్నాయి. జనం చస్తుంటే ధాన్యం రేవులకు తరలిపోతూనే ఉంది. కరువు పనుల్లో మట్టి మోసే కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, దాని మీద ఇంకో కొద్ది చాలని రిచర్డ్ టెంపుల్ అనే అధికారి లెక్క కట్టాడు. కష్టపడే మనిషికి ఆ తిండి చాలదని మద్రాసు ప్రభుత్వంలోనే పనిచేస్తున్న డాక్టర్ కార్నిష్ పట్టుబట్టి వాదించాడు. పత్రికా సంపాదకుడు విలియం డిగ్బీ విరాళాలు పోగుచేసే పనిలో ఉంటూనే ప్రభుత్వ విధానాన్ని విమర్శిస్తూ రాశాడు. చివరికి మద్రాసులో ఆ కూలి పెంచారు. 1880లో కరువు కమిషన్ నివేదిక, దాని వెనక కరువు కోడ్ వచ్చాయి. కరువు వస్తే పని చూపించడం ప్రభుత్వం బాధ్యత అని కాగితం మీదికి ఎక్కింది అప్పుడే.

వెంగళరెడ్డి పెట్టిన అన్నం తిని బతికిన కుటుంబాలకు ఆయన దేవుడే, అందులో సందేహం లేదు. కానీ ఒక మనిషి గాదె ఎంత పెద్దదైనా ఒక కరువుకే సరిపోతుంది. కూలి ఎందుకు తగ్గించారని అడిగినవాళ్లు కూడా ఆకలి తీర్చినవాళ్లేనని పెద్దన్నకు చెప్పండి. ఆయన ఇచ్చే బియ్యానికి విలువ తగ్గించి మాట్లాడొద్దు.

ఇంత పాత కథ ఎందుకంటారా? మన పక్కనే కొత్తది ఉంది. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ మొదలుపెట్టింది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ చట్టం ఢిల్లీలో ఎవరికో ఒక పొద్దున తోచి వచ్చింది కాదు. రాజస్థాన్ పల్లెల్లో కరువు పనుల కూలి ఎగ్గొడుతుంటే అరుణా రాయ్ వంటివాళ్లు కూలీలతో కలిసి మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు బయట పెట్టమని అడిగారు. ఊరి నడుమ కూర్చుని లెక్కలు చదివించారు. 1996లో బ్యావర్ పట్టణంలో రోజుల తరబడి ధర్నాలో కూర్చున్నారు. సమాచార హక్కు చట్టం, పని హక్కు చట్టం రెండూ 2005లో రావడానికి వెనక అలాంటి సంఘాల పదేళ్ల పట్టుదల ఉంది. ఆ పథకంలో తర్వాత ఎన్ని మార్పులు వచ్చినా, కరువు ఏడాదిలో సీమ పల్లెల్లో లక్షల ఇళ్ల పొయ్యి వెలిగింది దానివల్లే. ఏ దాత సంచీ అంతమందికి చాలుతుంది?

నెల్లూరు జిల్లా దూబగుంట కథ మీకు తెలిసే ఉంటుంది. అక్షరాస్యత ఉద్యమంలో ఆడవాళ్లు రాత్రిబడికి వచ్చారు. ఇళ్లను సారా ఎలా కూలుస్తుందో పాఠంలో చదివారు. 1992లో రోసమ్మ వంటివాళ్లు సారా అంగడి ముందు నిలబడ్డారు. 1993లో రాష్ట్రంలో సారాను నిషేధించారు. ఆ రాత్రిబడి నడిపినవాళ్లు "మేం అక్షరాలు మాత్రమే చెబుతాం, మీ ఇంటి గొడవలు మాకొద్దు" అని ఉంటే ఏమయ్యేది? మీ సాయంత్రపు బడి కూడా అలాంటిదే. చదువు చెప్పడం మొదలుపెట్టాక, పిల్ల నవంబరులో ఎందుకు మాయమవుతోందన్న ప్రశ్న దానంతటదే వస్తుంది.

మీ జిల్లాలోనే సీడు పత్తి చేలు గుర్తుచేసుకోండి. క్రాసింగ్ పనికి, అంటే పూలకు చేత్తో పుప్పొడి అద్దడానికి చిన్న చేతులు కావాలని ఆడపిల్లల్ని బడి మాన్పించి తీసుకుపోయేవాళ్లు. ఒక్కో పిల్లను పట్టుకొచ్చి బడిలో వేసినా మరుసటి ఏడాది ఇంకో పిల్ల ఆ చేలో ఉండేది. స్వచ్ఛంద సంస్థలు ఆ పిల్లల సంగతి బయటపెట్టి, విత్తనాల కంపెనీలను నిలదీశాకే కంపెనీలు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. పిల్లలకు పలకలు కొనిచ్చి ఊరుకుంటే ఆ మాత్రం కదలిక కూడా ఉండేది కాదు.

ఇక అయివారి భయం. ఇది తీసిపారేసేది కాదు. ఆయన కోశాధికారి, సంతకం పెట్టేది ఆయన. కాబట్టి చట్టం ఏమంటుందో ఇద్దరూ కూర్చుని చూసుకోండి.

మీకు విదేశీ డబ్బు రావడం లేదనుకుంటాను. మీరు రాసినదంతా ఊరి విరాళాల గురించే. అలాంటప్పుడు విదేశీ విరాళాల చట్టం మీ జోలికి రాదు. ఒకవేళ రేపు తీసుకోవాలనుకున్నా ఒక సంగతి తెలిసి ఉండాలి. బంద్, రాస్తారోకో వంటివి అలవాటుగా చేసే సంస్థను రాజకీయ స్వభావం గల సంస్థగా ప్రకటించి విదేశీ విరాళం ఆపవచ్చని 2011 నాటి నిబంధనల్లో ఉండేది. దాని మీద ఇండియన్ సోషల్ యాక్షన్ ఫోరం అనే సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2020 మార్చి 6న తీర్పు వచ్చింది. పార్టీ రాజకీయాలతో సంబంధం లేకుండా, జనం హక్కుల కోసం న్యాయమైన పద్ధతుల్లో నిలబడే సంస్థను ఆ పేరుతో శిక్షించకూడదని కోర్టు చెప్పింది. అదే ఏడాది నిబంధన కూడా ఆ మేరకు మార్చారు. మరోపక్క అదే ఏడాది చట్టాన్ని బిగించారు. పరిపాలనా ఖర్చును 50 శాతం నుంచి 20కి తగ్గించారు. ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు ఇవ్వడం ఆపేశారు. పెద్ద సంస్థల ద్వారా చిన్న ఊళ్లకు చేరే డబ్బు అక్కడ తెగిపోయింది. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. మీలాంటి చిన్న సొసైటీ ఆ చట్టం అడిగినట్టు ఢిల్లీలో ఖాతా తెరిచి లెక్కలు పంపగలదా?

ఆదాయపు పన్ను సంగతి వేరు. మీకు ఎనభై జీ, అంటే దాతలకు పన్ను రాయితీ ఇప్పించే గుర్తింపు ఉంటే, మీరు చేసే పని మీ సొసైటీ ఉద్దేశాల్లో రాసి ఉండాలి. బైలాస్ తీసి చదవండి. "పేద పిల్లలకు విద్య, ఆహారం" అని మాత్రమే ఉంటే, "వారి హక్కుల గురించి అవగాహన కల్పించడం, ప్రభుత్వానికి విన్నవించడం" అని సర్వసభ్య సమావేశంలో చేర్చుకోవడం మంచిది. ఉద్దేశాలు మారిస్తే రిజిస్ట్రార్‌కు, ఆదాయపు పన్ను శాఖకు గడువులోపు తెలియజేయాలి. ఆ గడువు చాలా తక్కువ, కాబట్టి తీర్మానం రాసే ముందే ఆడిటర్‌ని కలవండి. చాలా సంస్థలకు ఇబ్బంది వచ్చేది ఇలాంటి కాగితాల దగ్గరే. ధర్నా చేశారన్న కోపం ఉన్నవాడు వెతికేది మీ లెక్కల్లో తప్పునే. బిల్లులు, రసీదులు, మీటింగు మినిట్స్ సరిగ్గా ఉంటే అయివారు నిద్రపోవచ్చు.

సేవ మాత్రమే చేస్తే ఎవరూ మన జోలికి రారని అయివారు అనుకుంటున్నట్టుంది. అదీ నిజం కాదు. అనంతపురంలో అందరూ ఫాదర్ అని పిలుచుకునే విన్సెంట్ ఫెర్రర్ మహారాష్ట్రలో బావులు తవ్వించి, రైతుల వెంట నిలబడినందుకే అక్కడి పెద్దలకు కంటగింపు అయ్యాడు. 1968లో దేశం వదిలి పొమ్మన్నారు. ఆయన కోసం వేలమంది రైతులు రోడ్డెక్కారు. తిరిగొచ్చి 1969లో అనంతపురంలో మొదలుపెట్టిందే ఇవాళ మనం చూస్తున్న ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే సేవా సంస్థ. బావి తవ్వడం కూడా కొందరికి రాజకీయంగానే కనిపిస్తుంది. ఎందుకంటే నీళ్లొచ్చిన రైతు వాళ్ల దగ్గరికి అప్పుకు పోడు.

ఈ చర్చ మన దగ్గరే కాదు. బ్రిటన్‌లో సేవా సంస్థలు తమ ఉద్దేశానికి సంబంధించిన చట్టం మార్చమని ప్రచారం చేయవచ్చు గానీ, ఏ పార్టీనీ బలపరచకూడదు. అమెరికాలో పన్ను మినహాయింపు ఉన్న సంస్థ ఎన్నికల్లో అభ్యర్థి తరఫున ప్రచారం చేయకూడదన్న నియమం 1954 నుంచి ఉంది. గీత ఎక్కడ గీయాలన్నది దాదాపు అందరికీ ఒకే చోట తోచింది: విషయం మీద మాట్లాడు, ఓటు అడగొద్దు.

దీని మీద ఒక గట్టి అభ్యంతరం ఉంది. పెద్దన్న నోట అది ఇంకా రాలేదు గానీ రావచ్చు. "నేను అన్నానికి ఇచ్చిన డబ్బుతో నాకు ఇష్టం లేని పోరాటం ఎలా చేస్తారు?" అని. ఇది న్యాయమైన ప్రశ్న. అన్నం పేరుతో తీసుకున్న రూపాయి అన్నానికే పోవాలి. ఫ్లెక్సీకి, ఆటోకు, మైకుకు పోకూడదు. సంతకాల పనికి సభ్యులు వేరే చందా వేసుకోండి, వేరే రసీదు పుస్తకం పెట్టుకోండి. కాగితాలు జిరాక్స్ తీయడానికి, మండలానికి పోయిరావడానికి పెద్ద ఖర్చేమీ ఉండదు. ఆ లెక్క పెద్దన్న ముందు పెట్టండి. కానీ ఆయన డబ్బు అన్నానికి పోతున్నంత కాలం, మీరు మీ సొంత నోటితో ఏం మాట్లాడాలో నిర్ణయించే హక్కు ఆ విరాళంతో ఆయనకు రాదు. ఈ మాట మర్యాదగా చెప్పండి గానీ, చెప్పకుండా మాత్రం ఉండొద్దు. ఇంకోటి. ఆ మిల్లుకు పత్తి తెచ్చేది ఎవరు, అక్కడ పనిచేసేది ఎవరు అన్నది ఆయనకు తెలియనిది కాదు. ఊళ్లో జనం నిలిస్తే ఆయనకూ మేలే. ఎదురుగా కూర్చుని మాట్లాడితే ఆయన మెత్తబడవచ్చు. ఫోన్‌లో ఇలాంటివి తెగవు.

ఇప్పుడు ఎన్నికల తమ్ముడు. నిజం చెప్పాలంటే మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది ఆ ఒక్క వాక్యమే. పెద్దన్న బెదిరింపు కంటే ఇది మీ సొసైటీకి ఎక్కువ ప్రమాదం. అతను మంచివాడే అయి ఉండవచ్చు. సర్పంచ్‌గా నిలబడటం అతని హక్కు, అలాంటివాళ్లు నిలబడాలి కూడా. కానీ సంతకాల కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన మనిషే రెండు నెలలకు అదే ఇళ్లకు ఓటు అడగడానికి వస్తే, ఆ సంతకాలు ఎందుకు తీసుకున్నారని ఊరంతా అనుకుంటుంది. ఎదుటి వర్గం పిల్లలు మీ అన్నానికి రావడం మానేస్తారు. సీమలో వర్గం అంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఒక్కసారి ఆ ముద్ర పడితే ఏళ్లు గడిచినా పోదు. కాబట్టి అతను కమిటీ నుంచి రాజీనామా చేయాలి. నామినేషన్ దాకా ఆగకుండా, సంతకాలు మొదలుకాకముందే చేయాలి. రాజీనామాను మినిట్స్‌లో రాయండి. ఎన్నికలయ్యాక, గెలిచినా ఓడినా, మామూలు సభ్యుడిగా రానివ్వండి. అతనికి ఇది కష్టంగా తోస్తుంది. అయినా పట్టుపట్టండి. గెలిచినవాళ్లు ఎవరైనా రేపు మీరు వాళ్లనే అడగాలి కదా, మీ పాత సభ్యుడే గెలిచినా సరే.

ఇంతకీ మీ కుర్రవాళ్లు ఆ తల్లిదండ్రుల్ని అడిగారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. హాస్టల్ ముందే తెరిస్తే వాళ్లు నిజంగా పిల్లల్ని వదిలిపోతారా? మిరప కోతల్లో పిల్ల కోసే కాయల కూలి కూడా ఆ ఇంటికి లెక్కే. ఆడపిల్లను వదలాలంటే అక్కడ రాత్రి ఎవరుంటారన్నది తల్లి మొదట అడిగే ప్రశ్న. తలుపుకు గడియ ఉందా, మరుగుదొడ్డిలో నీళ్లొస్తాయా, వార్డెన్ ఆడమనిషేనా? ఊళ్లో పని చూపించినా, కూలి ఆలస్యంగా పడితే షావుకారి అడ్వాన్స్ తీసుకున్నవాడు ఆగలేడు. ఈ సంగతులు మీకంటే వాళ్లకే బాగా తెలుసు. వినాయక చవితి లోపే వాళ్లను కూర్చోబెట్టి వినండి. వాళ్లు చెప్పింది మీరు అనుకున్నదానికి వేరుగా ఉంటే కాగితంలో వాళ్ల మాటే రాయండి. మొదటి సంతకాలు, వేలిముద్రలు వాళ్లవే ఉండాలి. ఆఫీసులో మాట్లాడేదీ వాళ్లే అయితే మంచిది, మీరు పక్కన నిలబడండి. పేదల పేరుతో పేదలను అడగకుండా మాట్లాడే సంస్థలు ఉన్నాయి. వాటి మీద జనానికి కోపం ఉంది, అది న్యాయమే.

ధర్నా దాకా పోకముందు చేయాల్సిన పనులు ఉన్నాయి. విద్యాహక్కు చట్టం, 2009లోని 9వ సెక్షన్ వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్చుకునే బాధ్యత స్థానిక ప్రభుత్వం మీద పెట్టింది. మీ బడి యాజమాన్య కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి, సగంమంది ఆడవాళ్లు ఉండాలి. ఆ కమిటీ తీర్మానం చేసి పంపితే అది మీ సొసైటీ లెటర్‌హెడ్ కంటే బరువైన కాగితం. గత మూడేళ్లలో సీజనల్ హాస్టల్ ఏ తేదీన మంజూరైంది, ఏ తేదీన తెరిచారు, ఎంతమంది పిల్లలున్నారు అని సమాచార హక్కు కింద అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఆ తేదీలు చేతిలో ఉంటే మీరు గొంతు పెంచాల్సిన పని కూడా ఉండదు. ఉపాధి పనికి దరఖాస్తులు గుంపుగా పెట్టించి, తేదీ వేసిన రసీదులు తీసుకోండి. రసీదు ఇవ్వకపోతే అది కూడా రాసిపెట్టుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, అక్కడికి కూలికి పోయే తల్లులే పదిమంది వెళ్లాలి. ఇవన్నీ చేసినా కదలకపోతే అప్పుడు మండలాఫీసు ముందు కూర్చోండి. కూర్చునే ముందు స్టేషన్‌లో రాతపూర్వకంగా తెలియజేయండి, మన దగ్గర సభలు, ఊరేగింపులకు అనుమతి తీసుకోవాలనే పోలీసు చట్టం సెక్షన్ 30 ఎప్పుడు అమల్లో ఉంటుందో చెప్పలేం. పిల్లల్ని మాత్రం ఎండలో ప్లకార్డులు పట్టించి కూర్చోబెట్టొద్దు. వాళ్ల ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. మీ అన్నం తింటున్న పిల్ల మీ ధర్నాకు రావాలన్న ఒత్తిడి ఆ ఇంటికి రానే రాకూడదు. రానివాళ్లకూ రాత్రి అదే అన్నం, అదే వరుసలో పెట్టాలి.

పెద్దన్న మాట మీదే ఉండి విరాళం ఆపేస్తే? ఆపవచ్చు. అది ఆయన డబ్బు. అప్పుడు పిల్లలకు రాత్రి అన్నం ఒక్క రోజు కూడా ఆగకూడదు. అందుకే సంతకాలు మొదలుపెట్టకముందే ఒక పని చేయండి. గుంటూరు, బెంగళూరు పోయిన మీ ఊరివాళ్లు, ఆదోనిలో స్థిరపడిన ఉద్యోగులు, మీ బడిలో చదివి పైకొచ్చిన పిల్లలు ఎవరెవరున్నారో జాబితా రాయండి. నెలకు వంద, రెండొందలు ఇచ్చేవాళ్లు నలభై యాభైమంది దొరికితే ఒక్క దాత మీద ఆధారపడే అవసరం తగ్గుతుంది. ముందు అయివారితో కూర్చుని, రాత్రి అన్నానికి నెలకు ఎంత అవుతోందో, ఖాతాలో ఉన్నది ఎన్ని నెలలకు వస్తుందో లెక్క చూడండి. మూడు నెలలకు సరిపడా ఉంటే, వచ్చే ఆదివారమే ఆ తల్లుల్ని పిలవండి.